ఓటు తిరిగొచ్చింది, బాకీ లెక్క తేలలేదు

2024 నవంబర్ 5న డొనాల్డ్ ట్రంప్ ఫ్లోరిడాలోని పామ్ బీచ్‌లో తన ఓటు తాను వేసుకున్నారు. అంతకు ఐదు నెలల ముందే న్యూయార్క్ జ్యూరీ ఆయన్ని 34 ఫెలనీ (పెద్ద తరహా నేరం) అభియోగాల్లో దోషిగా తేల్చింది. ఫెలనీ పడినవాళ్లకు ఫ్లోరిడాలో ఓటు పోతుంది కదా, ఈయనకెలా ఉందని అప్పట్లో చాలామంది అడిగారు. జవాబు సులువే. వేరే రాష్ట్రంలో శిక్ష పడినవారి విషయంలో ఫ్లోరిడా తన రూలు చూడదు, శిక్ష వేసిన రాష్ట్రం రూలు చూస్తుంది. న్యూయార్క్‌లో 2021 నుంచి జైల్లో ఉన్నంతకాలమే ఓటు ఉండదు. ట్రంప్ జైలుకు వెళ్లనే లేదు కాబట్టి ఆయన ఓటు పోలేదు.

అదే కౌంటీలో ఇంకో మనిషిని అనుకుందాం. ఇరవై ఏళ్ల వయసులో ఎవరిదో సెల్‌ఫోన్ కొట్టేశాడు. ఫ్లోరిడా కోర్టు శిక్ష వేసింది, ప్రొబేషన్ (జైలుకు బదులు పర్యవేక్షణలో గడిపే కాలం) పూర్తయింది. ఇప్పుడతనికి నలభై దగ్గర పడుతున్నాయి, ఏసీలు రిపేరు చేసుకుంటూ బతుకుతున్నాడు. ఆ కేసులో కోర్టు ఖర్చులు కొన్ని వందల డాలర్లు మాత్రం కట్టకుండా మిగిలిపోయాయి. ఇతనికి ఓటు లేదు. అసలు ఇంకా ఎంత కట్టాలో అతనికి తెలియదు. కోర్టు రికార్డులు చూసే క్లర్క్ ఆఫీసులో అడిగినా కచ్చితంగా చెబుతారన్న భరోసా లేదు.

శిక్ష అనుభవించి వచ్చినవారికి ఓటు తిరిగి ఇవ్వాలా వద్దా అన్న చర్చ అమెరికాలో ఎక్కువగా క్షమ, పశ్చాత్తాపం, రెండో అవకాశం అనే మాటల మధ్య నడుస్తుంది. ఫ్లోరిడా అనుభవం చూస్తే ఆ మాటలకు ఉన్న బరువు తక్కువే అనిపిస్తుంది. అక్కడ జనం ఓట్లేసి మరీ ఆ హక్కు ఇచ్చారు. అది ఆగిపోయింది లెక్కల దగ్గర.

ముందు ఫెలనీ అంటే ఏమిటో చూడాలి. మన దగ్గర దీనికి సరిగ్గా సరిపోయే మాట లేదు. మన చట్టం నేరాలను బెయిలబుల్, నాన్ బెయిలబుల్ అని విడదీస్తుంది. అమెరికాలో స్థూలంగా ఏడాదికి మించి జైలు పడే అవకాశమున్న నేరం ఫెలనీ, అంతకన్నా చిన్నది మిస్‌డిమీనర్. వినడానికి ఫెలనీ అంటే హత్యో దోపిడీయో అన్నట్టుంటుంది గానీ, 2019 అక్టోబర్ దాకా ఫ్లోరిడాలో 300 డాలర్ల విలువైన వస్తువు దొంగిలించినా ఫెలనీయే. ఆ తర్వాత ఆ గీతను 750 డాలర్లకు జరిపారు. అంటే ఒక మంచి ఫోను దొంగతనంతో మనిషి జీవితాంతం ఓటు పోగొట్టుకునే రోజులు మొన్నమొన్నటిదాకా ఉన్నాయి.

దేశం మొత్తానికి ఒకే రూలు లేదు. మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాల్లో జైల్లో ఉండి కూడా ఓటేయవచ్చు. రాజధాని వాషింగ్టన్‌లోనూ 2020 నుంచి అంతే. కొన్ని రాష్ట్రాల్లో జైలు గేటు దాటగానే ఓటు వచ్చేస్తుంది, ఇంకొన్నింటిలో పెరోల్ (ముందే విడుదలై పర్యవేక్షణలో ఉండే కాలం), ప్రొబేషన్ అయ్యేదాకా ఆగాలి. మిసిసిపీలో 1890 నాటి రాజ్యాంగం కొన్ని నేరాల జాబితా ఇచ్చింది. అందులో ఉన్న నేరం చేసినవాడికి ఓటు కావాలంటే గవర్నరైనా క్షమించాలి, లేదా ఆ ఒక్క మనిషి పేరుమీద శాసనసభ ఉభయ సభల్లో మూడింట రెండొంతుల మెజారిటీతో బిల్లు పాస్ చేయాలి. వర్జీనియాలో 2016లో గవర్నర్ టెర్రీ మెకాలిఫ్ రెండు లక్షల మందికి పైగా ఒకే ఉత్తర్వుతో ఓటు ఇచ్చేశారు. అలా గంపగుత్తగా ఇవ్వడానికి వీల్లేదని రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో ఆయన ఒక్కొక్కరి పేరు మీద విడివిడిగా సంతకాలు పెట్టడం మొదలుపెట్టారు.

ఇంత గందరగోళానికి రాజ్యాంగంలో ఒక చిన్న ఆధారం ఉంది. అంతర్యుద్ధం తర్వాత వచ్చిన 14వ సవరణ రెండో సెక్షన్, ఓటు నిరాకరించిన రాష్ట్రాలకు అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో సీట్లు తగ్గిస్తామని హెచ్చరిస్తూనే, తిరుగుబాటులో పాల్గొన్నవారిని, ఇతర నేరాలు చేసినవారిని దాన్నుంచి మినహాయించింది. ఆ "ఇతర నేరాలు" అన్న మాటను పట్టుకునే 1974లో రిచర్డ్‌సన్ వర్సెస్ రమిరెజ్ కేసులో సుప్రీంకోర్టు, నేరస్థుల ఓటు తీసేయడం రాష్ట్రాల ఇష్టమని తేల్చింది. 1985లో అలబామా కేసులో మాత్రం కాస్త వెనక్కి తగ్గింది. నల్లవారి ఓటు తగ్గించడానికే ఆ నిబంధన పెట్టారని 1901 నాటి రాజ్యాంగ సభ చర్చల్లోనే బయటపడింది కాబట్టి అది చెల్లదని చెప్పింది.

ఫ్లోరిడా విషయంలో ఆ వాదన నిలబడలేదు. అక్కడ జీవితకాల నిషేధం 1868 రాజ్యాంగంలోనిది. బానిసత్వం పోయి నల్లజాతి పురుషులకు ఓటు వస్తున్న ఏళ్లవి. ఉద్దేశం ఏమై ఉంటుందో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. కానీ 2005లో ఫెడరల్ అప్పీల్ కోర్టు, 1868 నాటి ఉద్దేశం ఏదైనా 1968లో రాష్ట్రం రాజ్యాంగాన్ని తిరగరాసినప్పుడు ఆ నిబంధనను వివక్ష లేకుండా మళ్లీ పెట్టుకుంది కాబట్టి పాత మకిలి కడుక్కుపోయినట్టేనని చెప్పింది. కొత్త సున్నం వేస్తే పాత గోడ కొత్తదైపోయినట్టు.

ఈ నిషేధం ఎంతమందిని తాకిందో తెలిసింది 2000 అధ్యక్ష ఎన్నికల్లో. ఫ్లోరిడాలో జార్జ్ బుష్ గెలిచింది 537 ఓట్లతో. ఆ ఎన్నికకు ముందు ఫెలనీ పడినవారి పేర్లు తీసేయడానికి రాష్ట్రం ఒక ప్రైవేటు కంపెనీతో జాబితా చేయించింది. పేరు, పుట్టిన తేదీ కాస్త దగ్గరగా ఉంటే చాలు, ఇతనే అతను అనుకునేంత వదులుగా పోల్చారు. ఏ నేరమూ చేయనివారి పేర్లు కూడా అందులోకి ఎక్కాయి. లెక్కల పుస్తకం తప్పయితే హక్కు ఎగిరిపోతుందని ఫ్లోరిడాకు అప్పుడే తెలిసొచ్చి ఉండాలి.

పోయిన ఓటు తిరిగి రావాలంటే ఒక్కటే దారి ఉండేది, క్షమాభిక్ష బోర్డు. గవర్నర్, ఆయనతో పాటు ఎన్నికైన ముగ్గురు క్యాబినెట్ సభ్యులు. 2007లో గవర్నర్ చార్లీ క్రిస్ట్ హింస లేని నేరాలకు దాదాపు ఆటోమేటిక్‌గా ఓటు వచ్చేలా రూల్స్ మార్చారు. ఆయన నాలుగేళ్లలో లక్షన్నర మందికి పైగా ఓటు తిరిగి వచ్చింది. 2011లో రిక్ స్కాట్ రాగానే దాన్ని పూర్తిగా తిరగేశారు. శిక్ష అయ్యాక ఐదేళ్లో ఏడేళ్లో ఆగి, అప్పుడు దరఖాస్తు పెట్టుకుని, వంతు కోసం మళ్లీ ఏళ్ల తరబడి చూడాలి. ఆయన ఏడేళ్లలో ఓటు దక్కింది మూడు వేల చిల్లర మందికి. పది వేలకు పైగా అర్జీలు పెండింగ్‌లో పడ్డాయి. చట్టం అదే, రాజ్యాంగం అదే, మారింది కుర్చీలో మనిషి.

ఆ బోర్డు విచారణ ఎలా ఉండేదో 2018లో ఫెడరల్ జడ్జి మార్క్ వాకర్ ఇచ్చిన తీర్పులో కనిపిస్తుంది. బోర్డు కూర్చునేది ఏడాదికి నాలుగుసార్లు, రాజధాని టల్లహాసీలో. దూరాభారం నుంచి వచ్చినవాళ్లు కొద్ది నిమిషాల్లో తమ జీవితం బాగుపడిందని నిరూపించుకోవాలి. మందు తాగుతున్నావా, స్పీడింగ్ టికెట్లు ఎన్ని పడ్డాయి, ఇలాంటి ప్రశ్నలు. ఒక విచారణలో గవర్నర్ నోటి నుంచే, మేము ఏది చేయాలనుకుంటే అది చేయవచ్చు, రూల్ అంటూ ఏమీ లేదు అనే అర్థంలో మాట వచ్చింది.

2013లో ఇదే బోర్డు ముందుకు ఒక తెల్లజాతి వ్యక్తి వచ్చాడు. ఓటు హక్కు లేకుండానే 2010లో ఓటేశావట కదా అని అడిగారు. అవును, వేసింది మీకే అన్నాడు గవర్నర్‌తో. స్కాట్ నవ్వేశారు. కొద్ది క్షణాల్లోనే అతని హక్కులు తిరిగి ఇచ్చేశారు. హక్కు లేకుండా ఓటేసిన ఇంకొందరికి అదే కారణం చూపి ఇదే బోర్డు లేదు పొమ్మంది. వాకర్ ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు గానీ మూడు నెలలు తిరగకుండానే అప్పీల్ కోర్టు ఆ ఆదేశాన్ని ఆపేసింది.

అప్పటికే వేరే దారిలో పని మొదలైంది. దాని వెనక ప్రధానంగా ఉన్న మనిషి డెస్మండ్ మీడ్. డ్రగ్స్ అలవాటు, జైలు, ఇల్లూవాకిలీ లేని బతుకు అన్నీ చూసినవాడు. 2005లో మయామీలో రైలు కింద పడి చనిపోదామని పట్టాల పక్కన నిలబడ్డానని, ఆ రోజు రైలు రాలేదని ఆయనే చెప్పుకున్నారు. తర్వాత చదువుకుని లా డిగ్రీ తెచ్చుకున్నారు. పౌరహక్కులు తిరిగి రాలేదు కాబట్టి లాయరుగా పనిచేసే వీలు లేదు. 2016లో భార్య షీనా రాష్ట్ర సభకు పోటీ చేస్తే ఆమెకు ఓటేయడానికీ వీల్లేకపోయింది.

మీడ్ నడిపిన సంస్థ, దానితో కలిసిన మరికొన్ని సంఘాలు లక్షల సంతకాలు సేకరించి 2018 నవంబర్ బ్యాలెట్‌పై రాష్ట్ర రాజ్యాంగానికి నాలుగో నంబరు సవరణను పెట్టించాయి. సారాంశం ఒక్క వాక్యమే. పెరోల్, ప్రొబేషన్ సహా శిక్షలోని షరతులన్నీ పూర్తయ్యాక ఓటు దానంతటదే తిరిగి వస్తుంది, హత్య, లైంగిక నేరాలకు తప్ప. నెగ్గడానికి 60 శాతం కావాలి. 64.5 శాతం వచ్చింది. 51 లక్షల మందికి పైగా అవునన్నారు. అదే రోజు గవర్నర్‌గా రాన్ డిశాంటిస్ గెలిచింది సుమారు 41 లక్షల ఓట్లతో, అదీ ముప్పై రెండు వేల తేడాతో. అంటే ఆయనకు ఓటేసినవాళ్లలో కూడా చాలామంది ఈ సవరణకు ఓటేసి ఉండాలి. దాదాపు 14 లక్షల మందికి దీనివల్ల ఓటు వస్తుందని అప్పట్లో అంచనా. ఆ దేశంలో ఇటీవలి కాలంలో ఒకేసారి ఇంతమందికి ఓటు దారి తెరిచిన సందర్భం ఇంకొకటి లేదు.

2019 జనవరి 8న సవరణ అమల్లోకి వచ్చింది. ఆ రోజు మీడ్ కుటుంబంతో ఓర్లాండోలో ఎన్నికల ఆఫీసుకు వెళ్లి ఓటరుగా నమోదు చేసుకున్నారు. రాష్ట్రమంతటా క్యూలు కట్టారు. ఆరు నెలలు తిరగకముందే, జూన్ 28న, డిశాంటిస్ ఒక చట్టంపై సంతకం చేశారు. శిక్షలోని షరతులన్నీ అంటే కోర్టు విధించిన జరిమానా, ఫీజులు, బాధితులకు ఇవ్వాల్సిన నష్టపరిహారం కూడా అని ఆ చట్టం నిర్వచించింది. పైసా మిగలకుండా కడితేనే ఓటు.

న్యాయంగా చెప్పాలంటే ఈ అర్థం గాల్లోంచి పుట్టలేదు. 2017లో సవరణ పాఠాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు పరిశీలిస్తున్నప్పుడు, జరిమానా, పరిహారం కూడా ఇందులోకి వస్తాయా అని జడ్జిలు అడిగితే సవరణ తరఫు లాయరే వస్తాయన్నట్టు జవాబిచ్చారు. 2020 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా అదే అర్థం ఖాయం చేసింది. మాటగా చూస్తే వాళ్లు చెప్పేదాంట్లో తప్పు పట్టడం కష్టం. శిక్ష అంటే జైలొక్కటే కాదు, జరిమానా కూడా శిక్షే. చిక్కంతా ఆ డబ్బు ఏమిటి, దాని లెక్క ఎవరి దగ్గరుంది అన్నచోట మొదలైంది.

ఆ డబ్బులో చాలా భాగం జరిమానాయే కాదు. ఫ్లోరిడాలో క్రిమినల్ కోర్టుల ఖర్చును చాలావరకు ముద్దాయిల మీద వేసే ఫీజులతోనే నడిపిస్తారు. ఫెలనీ కేసు ప్రతిదానికీ 225 డాలర్లు తప్పనిసరి. అందులో 200 క్లర్క్ ఆఫీసుకు, మిగతాది రాష్ట్ర ఖజానాకు. లాయరును పెట్టుకునే స్తోమత లేక ప్రభుత్వ లాయరు కోసం దరఖాస్తు పెడితే దానికి 50 డాలర్లు. ఆ లాయరు వాదించినందుకు ఫెలనీ కేసుకు కనీసం 100. అంటే పేదవాడినని రాసిచ్చినందుకే బిల్లు. దీన్ని శిక్ష అనాలా, పన్ను అనాలా అన్నదే తర్వాత కోర్టుల్లో పెద్ద వాదనైంది. ఎందుకంటే 1964లో అమెరికా రాజ్యాంగానికి వచ్చిన 24వ సవరణ ప్రకారం ఫెడరల్ ఎన్నికల్లో ఓటు కోసం ఎవరి దగ్గరా పన్ను వసూలు చేయకూడదు.

ఇక లెక్క సంగతి. ఫ్లోరిడాలో 67 కౌంటీలు, ప్రతి కౌంటీకి ఎన్నికైన క్లర్క్, ఎవరి రికార్డులు వారివి. పాత ఫైళ్లు కొన్ని మైక్రోఫిల్మ్ మీద ఉన్నాయి, కొన్ని లేనే లేవు. శిక్ష పత్రంలో మొత్తం రాసి ఉంటుంది గానీ అందులో ఏ నేరానికి ఎంత అన్నది విడదీసి ఉండకపోవచ్చు. ఒకే కేసులో ఫెలనీ ఒకటి, మిస్‌డిమీనర్ ఒకటి ఉంటే ఓటు కోసం కట్టాల్సింది ఫెలనీ వాటా మాత్రమే. ఆ వాటా ఎంతో ఎవరికీ తెలియదు. బాధితుడికి నేరుగా కట్టిన పరిహారానికి ప్రభుత్వం దగ్గర లెక్కే ఉండదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ బాధితుడు బతికున్నాడో లేదో, ఆ షాపు మూసేశారో ఏమో.

మూడు నెలలు కట్టకపోతే క్లర్క్ ఆ బాకీని వసూలు ఏజెన్సీకి అప్పగిస్తాడు. ఏజెన్సీ 40 శాతం దాకా అదనంగా వేసుకోవచ్చు. ఇప్పుడొక చిన్న లెక్క చూద్దాం. ఒకాయనకు కోర్టు వేసింది 500 డాలర్లు. ఏజెన్సీ ద్వారా 300 కట్టాడు, అందులో 100 ఏజెన్సీ తన కమిషన్ కింద మినహాయించుకుంది. క్లర్క్ పుస్తకంలో ఇంకా 300 బాకీ కనిపిస్తుంది. జేబులోంచి పోయినదాన్ని బట్టి చూస్తే 200 మాత్రమే. ఓటు కోసం ఏది లెక్క? ఈ చట్టం మీద వేసిన కేసు నడుస్తుండగా రాష్ట్రం మధ్యలో మాట మార్చి, మనిషి కట్టిన ప్రతి డాలరూ లెక్కలోకి వస్తుందని కొత్త పద్ధతి చెప్పింది. వినడానికి ఉదారంగానే ఉంది. దాంతో క్లర్క్ పుస్తకంలోని బాకీకీ, ఓటు బాకీకీ సంబంధం తెగిపోయింది. ఎప్పుడెప్పుడు ఎవరికి ఎంత కట్టాడో మొదటి నుంచీ తవ్వితే తప్ప జవాబు రాదు.

ఇదంతా 2020 ఏప్రిల్, మే నెలల్లో ఆ కేసు విన్న ఫెడరల్ జడ్జి రాబర్ట్ హింకిల్ ముందు సాక్ష్యంగా వచ్చింది. కరోనా రోజులు కాబట్టి విచారణంతా వీడియోలోనే నడిచింది. ఒక ప్రొఫెసర్, పీహెచ్‌డీ విద్యార్థుల బృందంతో కలిసి శిక్ష పడిన 153 మందిని యాదృచ్ఛికంగా తీసుకుని ఒక్కొక్కరి బాకీ ఎంతో కనుక్కోవడానికి ప్రయత్నించారు. వెబ్‌సైట్లు వెతికారు, ఫోన్లు చేశారు. 153లో ముగ్గురికి తప్ప మిగతా అందరి రికార్డుల్లోనూ ఒకచోట ఉన్న అంకెకూ ఇంకోచోట ఉన్న అంకెకూ పొంతన కుదరలేదు.

ఇంకో సాక్ష్యం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. టాంపా ఉన్న హిల్స్‌బరో కౌంటీ క్లర్క్ ఆఫీసులో ఒక సమర్థురాలైన ఆర్థిక అధికారి, ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న సిబ్బందితో కలిసి ఒక్క పిటిషనర్ బాకీ తేల్చడానికి కూర్చున్నారు. వాళ్లందరి అనుభవం కలిపితే వందేళ్లు దాటుతుంది. పన్నెండు నుంచి పదిహేను గంటలు పట్టింది. చివరికి ఒక అంకె చెప్పారు గానీ రికార్డుల్లోని తేడాలు ఎందుకొచ్చాయో వాళ్లకూ అంతుపట్టలేదు. పుస్తకం రాసేవాళ్లకే అర్థం కాని పుస్తకాన్ని చదివి, అందులో తన బాకీ సున్నా అని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి ఓటరు. తెలిసే తప్పు ప్రమాణం చేశాడని తేలితే అదీ ఫెలనీయే.

రాష్ట్ర ఎన్నికల విభాగం దగ్గర అప్పటికి 85,000 దరఖాస్తులు పరిశీలనకు ఉన్నాయి. పూర్తిగా తేల్చినవి ఒక్కటీ లేదు. రోజుకు సగటున 57 చూడగలమని వాళ్లే చెప్పారు. ఆ వేగాన పని అయ్యేది 2026లో. శిక్ష పూర్తయినా డబ్బు బాకీ ఉన్నవారు ఏడు లక్షలు దాటతారని ఫ్లోరిడా యూనివర్సిటీకి చెందిన డానియల్ స్మిత్ లెక్క తేల్చారు.

మే 24న హింకిల్ దీన్ని డబ్బు కట్టి ఓటేసే వ్యవస్థ అని తేల్చి కొట్టేశారు. ఆయన చూపించిన పరిష్కారం చాలా మామూలుది, అందుకే బాగుంది. ఓటరు తన బాకీ ఎంతో చెప్పమని రాష్ట్రాన్ని అడుగుతాడు. 21 రోజుల్లో జవాబు రాకపోతే ఓటేసుకోవచ్చు. ప్రభుత్వ లాయరును ఇచ్చిన కేసుల్లో ఆ మనిషికి కట్టే స్తోమత లేదనే భావించాలి. అంటే లెక్క చెప్పలేని భారం లెక్క అడిగేవాడి మీదే పడుతుంది. ఊళ్లో అప్పిచ్చినవాడికి కూడా ఇదే న్యాయం కదా, పద్దు చూపించకుండా బాకీ కట్టమంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఆ తీర్పు నిలవలేదు. జులైలో అప్పీల్ కోర్టు ఆపింది. సుప్రీంకోర్టు జోక్యానికి ఒప్పుకోలేదు, జస్టిస్ సోటొమయోర్‌తో పాటు మరో ఇద్దరు విభేదించారు. సెప్టెంబర్ 11న అప్పీల్ కోర్టు పూర్తి బెంచ్ ఆరుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా హింకిల్ తీర్పును రద్దు చేసింది. ఆ ఆరుగురిలో ఐదుగురు ట్రంప్ నియమించినవారు. ఫీజులు శిక్షలో భాగమే గానీ పన్ను కాదు, చట్టం పెట్టిన షరతు పూర్తి చేసుకునే పని ఓటరుదే, దానికి రాష్ట్రం సాయపడాలని రాజ్యాంగంలో లేదు అన్నది వాళ్ల వాదన సారం. న్యాయశాస్త్రంగా దీన్ని సమర్థించేవాళ్లు ఉన్నారు. కానీ ఎంత కట్టాలో రాష్ట్రమే చెప్పలేనప్పుడు ఓటరు ఎలా పూర్తి చేస్తాడన్న మామూలు ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. ఆ నెలలోనే న్యూయార్క్ మాజీ మేయర్ మైకేల్ బ్లూంబర్గ్ చొరవతో 16 మిలియన్ డాలర్లు పోగై మీడ్ సంస్థ నిధిలో పడ్డాయి. వేలమంది బాకీలు తీర్చారు. ఇది ఓట్లు కొనడమేమో చూడమని రాష్ట్ర అటార్నీ జనరల్ ఎఫ్‌బీఐకి లేఖ రాశారు.

ఇక్కడ మన చట్టాన్ని పక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) సెక్షన్ ప్రకారం జైల్లో లేదా పోలీసు కస్టడీలో ఉన్నవారెవరూ ఓటేయకూడదు. ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి మాత్రం మినహాయింపు. నేరం రుజువైందా లేదా అన్నది ఈ సెక్షన్ చూడదు. శరీరం గోడకు ఏ పక్కన ఉందన్నదే చూస్తుంది. కాబట్టి చర్లపల్లిలోనో రాజమండ్రిలోనో బెయిలుకు పూచీకత్తు దొరక్క పడి ఉన్న అండర్ ట్రయల్‌కు ఓటు లేదు. హత్య కేసులో శిక్ష పడి, అప్పీలు పెండింగ్‌లో ఉండగా బెయిలు మీద బయట తిరుగుతున్నవాడికి ఉంది. దేశంలో ఖైదీల్లో నాలుగింట మూడొంతులు అండర్ ట్రయల్సే కాబట్టి ఈ అన్యాయం చిన్నదేమీ కాదు. 1997లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థిస్తూ చెప్పిన కారణాల్లో ఖైదీలను ఓటింగ్‌కు తీసుకెళ్లడానికి పోలీసు బందోబస్తు చాలదన్నది ఒకటి. పైగా 2013 సవరణ తర్వాత జైల్లో ఉన్నవాడు ఓటేయలేడు గానీ పోటీ చేయవచ్చు. 2024లో ఇద్దరు జైల్లో ఉండే లోక్‌సభకు గెలిచారు.

ఇన్ని లోపాలున్న ఈ చట్టానికి ఒక గుణం మాత్రం ఉంది. గీత ఎక్కడుందో అందరికీ తెలుసు. జైలు గేటు బయటికి వచ్చిన రోజు ఓటు వచ్చేస్తుంది. ఎవరికీ అర్జీ పెట్టక్కర్లేదు, జాబితాలో పేరు కూడా పోదు. కోర్టు వేసిన జరిమానా కట్టారా అని పోలింగ్ బూత్‌లో ఎవరూ అడగరు. ఎన్నికల్లో లంచం, ఇంకొకరి పేరుతో ఓటేయడం లాంటి నేరాలకు శిక్ష పడితే మాత్రం ఆరేళ్లు ఓటు పోతుంది, అదీ తేదీతో సహా తెలిసే విషయమే. ఫ్లోరిడాలో నాలుగో సవరణ మన 62(5) కన్నా ఎంతో ఉదారమైన ఉద్దేశంతో పుట్టింది. గీత కనబడకపోవడం వల్ల ఆ ఉదారత తిరిగి మనిషి మీదకే కేసై వచ్చింది.

అది నిజంగానే జరిగింది. 2022 ఆగస్టు 18న డిశాంటిస్ ప్రెస్ మీట్ పెట్టి, 2020లో అర్హత లేకుండా ఓటేసిన 20 మందిని అరెస్టు చేస్తున్నట్టు ప్రకటించారు. వీళ్లంతా గతంలో హత్య లేదా లైంగిక నేరాలకు శిక్ష పడినవారు, అంటే నాలుగో సవరణ వర్తించనివారు. నేరాల తీవ్రత వల్ల వాళ్ల మీద ఎవరికీ జాలి కలగదు. ఆ అరెస్టుల వీడియోలు అక్టోబర్‌లో ఒక స్థానిక పత్రిక బయటపెట్టింది. పోలీసుల చొక్కాలకు ఉన్న కెమెరాల్లో రికార్డయినవి. టాంపాలో ఒకాయనకు సంకెళ్లు వేస్తుంటే, నాకు ఓటు లేకపోతే మీరు నన్నెందుకు వేయనిచ్చారు అని అడుగుతాడు. పోలీసుకు జవాబు తెలియదు. ఇంకో వీడియోలో ఒకాయన, ఫారం నింపు, వాళ్లు ఓటేయనిస్తే వేయవచ్చు, లేకపోతే లేదు అని తనకు చెప్పారంటే, అదే నీ డిఫెన్స్ అని పోలీసే సలహా ఇచ్చినట్టు మాట్లాడతాడు.

వాళ్లందరూ దరఖాస్తు పెట్టుకున్నవారే. ఎన్నికల ఆఫీసు తీసుకుంది, రాష్ట్రం ఆపలేదు, ఇంటికి ఓటరు కార్డు వచ్చింది. ఒక మనిషికి పాత కేసులో ఏ నేరం రాసి ఉందో రాష్ట్రం దగ్గరే రికార్డుంది, డబ్బు లెక్కలాగా ఇది చిక్కుముడి కూడా కాదు. అయినా ముందు చూడలేదు, రెండేళ్ల తర్వాత ఇంటికొచ్చి సంకెళ్లు వేశారు. తర్వాత కొన్ని కేసులను జడ్జిలు కొట్టేశారు, ఈ కేసులు పెట్టే అధికారం రాష్ట్రస్థాయి ప్రాసిక్యూటర్‌కు లేదని. 2023 ఫిబ్రవరిలో శాసనసభ ఆ అధికారం కల్పిస్తూ చట్టం మార్చింది. వీటిలో ఎంతమందికి శిక్షలు పడ్డాయన్నది పక్కనపెడితే, బాకీ ఉందో లేదో తెలియని మిగతా లక్షల మందిలో చాలామంది టీవీలో ఆ సంకెళ్లు చూసి దరఖాస్తు ఫారం జోలికే వెళ్లకపోయి ఉంటారు. ఆ లెక్క ఏ క్లర్క్ పుస్తకంలోనూ దొరకదు.

మీడ్‌కు పూర్తి పౌరహక్కులు 2021 అక్టోబర్‌లో వచ్చాయి. ఇచ్చింది పాత దారిలో ఆ క్షమాభిక్ష బోర్డే.

2023లోనే ఇంకో చట్టం వచ్చింది. ఆ తర్వాత ఫ్లోరిడాలో ఇచ్చే ఓటరు కార్డుల మీద ఒక హెచ్చరిక అచ్చువేయాలి. ఇది నమోదుకు రుజువే గానీ, ఓటేయడానికి చట్టప్రకారం అర్హత ఉందనడానికి రుజువు కాదని దాని సారాంశం. కార్డిచ్చే ప్రభుత్వమే కార్డు మీద ఆ మాట రాసిస్తుంది.